పక్కగోడల పాట

ఇంట్లో ఎంత మంచి స్పీకర్లు పెట్టుకున్నా కచేరీ హాల్లో కూర్చుని విన్నట్టు ఎందుకుండదు? లోపం స్పీకర్ల నాణ్యతలో కాదు, శబ్దం వచ్చే దిక్కులో ఉంది. ఈ సంగతి నిగ్గు తేలడానికి దాదాపు ఎనభై ఏళ్లు పట్టింది. 1895లో హార్వర్డ్‌లోని ఫాగ్ మ్యూజియం ఉపన్యాసశాలలో మాట మీద మాట పడి ఏమీ అర్థమయ్యేది కాదు. ఆ చిక్కు విప్పే పని వాలెస్ సాబిన్ అనే యువ అధ్యాపకుడి మీద పడింది. ఆయన సాండర్స్ థియేటర్ కుర్చీల మెత్తలు మోయించుకొచ్చి, ఆర్గాన్ గొట్టం మోగించి, అది ఆగాక నాదం ఎంతసేపు నిలుస్తుందో కొలిచాడు. ఖాళీ గదిలో సుమారు అయిదున్నర సెకన్లు! మెత్తలు పెరిగేకొద్దీ అది తగ్గింది. గది పరిమాణం, శబ్దాన్ని పీల్చే సామగ్రి తెలిస్తే ప్రతినాదం ఎంతసేపుంటుందో ముందే చెప్పగలిగే సూత్రం అలా పుట్టింది. 1900లో తెరుచుకున్న బోస్టన్ సింఫనీ హాలు ఆ లెక్క ఫలమే.

ప్రతినాదం అంకెల్లోకి వచ్చాక దాన్ని యంత్రంతో పుట్టించాలన్న ఆలోచన రావడం సహజం. 1960ల మొదట్లో బెల్ ల్యాబ్స్‌లో మాన్‌ఫ్రెడ్ ష్రోడర్, శబ్దాన్ని రకరకాల ఆలస్యాలతో మళ్లీ మళ్లీ తనలోనే కలిపి, హాలు నాదాన్ని లెక్కలతో తయారుచేసే మార్గం చూపాడు. కానీ అదంతా ముందున్న స్పీకర్ల నుంచే వస్తే పాట దూరం జరిగినట్టుంటుందే గాని శ్రోతను చుట్టుకోదు. ఎందుకో కూడా ష్రోడరే తర్వాత తేల్చాడు. ప్రతినాదం లేకుండా రికార్డు చేసిన మోట్సార్ట్ జూపిటర్ సింఫనీని ఐరోపా హాళ్ల వేదికల మీద స్పీకర్లతో మోగించి, బొమ్మ తల చెవుల్లో పెట్టిన మైకులతో పట్టి, శ్రోతలకు పోల్చి వినిపించారు. 1974లో వెలువడిన ఫలితం స్పష్టం: రెండు చెవులకూ చేరే శబ్దం ఎంత భిన్నంగా ఉంటే ఆ హాలు అంతగా నచ్చింది. ఆ తేడా తెచ్చేది పక్కగోడలు, అవి దగ్గరగా ఉండే ఇరుకు హాళ్లలో మరీను. వియన్నా మ్యూజిక్‌ఫెరైన్‌లోని పేరుమోసిన హాలు వెడల్పు 19 మీటర్లే.

1986లో వచ్చిన యమహా డీఎస్పీ-1 అనే ఇంటి ధ్వని పరికరం గొప్పతనం ఇక్కడే ఉంది. నిజమైన హాళ్లలో కొలిచిన ప్రతిఫలనాలను అది అదనపు స్పీకర్ల ద్వారా గది మూలల నుంచి పలికించింది. రికార్డులో హాలు ముందే ఉంది కదా, మళ్లీ కలపడం కల్తీ కాదా అంటారు. ఉంది, కాని అక్కడ పక్కగోడల శబ్దం కూడా ఎదుటి రెండు స్పీకర్ల నుంచే వస్తుంది. మన గదికీ గోడలున్నాయి కదా అన్నది మరో అభ్యంతరం. మూడు మీటర్ల గదిలో గోడకు తగిలిన శబ్దం కొద్ది మిల్లీసెకన్లలోనే చెవికి చేరుతుంది. పెద్ద హాల్లో అది ఏడు మీటర్లు ఎక్కువ తిరిగొచ్చినా ఇరవై మిల్లీసెకన్లు ఆలస్యమవుతుంది. ఆ వ్యవధిని చిన్న గది తనంతట తాను ఇవ్వలేదు. అతి చేస్తే చెడుతుందన్న మాట మాత్రం ఒప్పుకోవాల్సిందే. మృదంగం ముక్తాయింపులో దెబ్బలు ఒకదానిలో ఒకటి కలిసిపోతాయి. అందుకే పక్క స్పీకర్లు మోగుతున్నట్టు తెలిసిందంటే వాటి ధ్వని తగ్గించండి. ఆపేసినప్పుడే వాటి లోటు తెలియాలి.