రాజ్యాంగమును, పురపాలక సంఘమును, మన పాఠశాలయును

కోఠినుండి నారాయణగూడకు పోయినచో నచ్చట మాడపాటి హనుమంతరావుగారి బాలికోన్నత పాఠశాల కానవచ్చును. నిజాము రాజ్యమున ఉర్దూ బోధనభాషగా నున్న కాలమున, 1928లో, తెలుగు బాలికలకై వారు దీనిని నెలకొల్పిరి. ఆ మహాశయులే 1951లో హైదరాబాదు నగరమునకు ప్రథమ మేయరైరి.

అంతకు ముందటి యేడు, 1950 జనవరి 26వ తేదీన, భారత రాజ్యాంగ మమలులోనికి వచ్చెను. స్త్రీపురుష భేదమునుబట్టి ప్రభుత్వము పౌరులయెడ వివక్ష చూపరాదని దాని 15వ అధికరణము శాసించుచున్నది. స్త్రీలకొరకు ప్రత్యేక నిబంధనలు చేయవచ్చుననియు నందే కలదు. అయినను, త్రోయవలదనుట వేరు. పిలిచి పీఠమిచ్చుట వేరు. 1962లో రాణీ కుముదినీదేవిగారు మేయరైనను, పురపాలనమున స్త్రీ లరుదుగానే యుండిరి.

1993లో నమలైన 74వ సవరణము పురపాలక సంఘములలో మూడవ వంతునకు తక్కువ గాకుండ స్థానములను స్త్రీలకు ప్రత్యేకించెను. తెలంగాణమున నది సగమైనది. 2020 నాటి హైదరాబాదు మహానగరపాలక సంఘపు టెన్నికలలో 150 స్థానములకు 75 స్త్రీలవే. 2021లో మేయరు, ఉపమేయరు నిరువురును స్త్రీలే యైరి.

కాని కొన్నియెడల పేరు భార్యది, పెత్తనము భర్తది యగుచున్నది. చట్టము కుర్చీ నీయగలదు. అందు గూర్చుండి మాటలాడు ధైర్యము నీయజాలదు. వీధిదీపముల పద్దును చదివి, లెక్క తప్పైనచో సభలో లేచి యడుగు నేర్పు బడిలోనే యలవడవలెను. హనుమంతరావుగారు మేయరు పీఠమునకు ముందే బాలికల బడిని కట్టిరి. విద్యార్థినులారా, ఆ వరుసను మరువకుడు.