కోలన్ తగిలించుకున్న పేర్లు

1958లో ఎం.ఐ.టి.లో జాన్ మెకార్తీ చేతిలో రూపుదిద్దుకున్న లిస్ప్‌లో ఫంక్షన్‌కు ఇచ్చే విలువలు వరుస తప్పకూడదు. రెండు మూడైతే గుర్తుంటాయి. ఆరేడైతే ఏది ఎన్నోదో మాన్యువల్ తిరగేయాల్సిందే.

లిస్ప్ రూపాల్లో ఒకటైన మాక్‌లిస్ప్ రోజుల్లో ఇంకో తలనొప్పి కూడా ఉండేది. లిస్టులో ఒక వస్తువును వెతకడానికి ‘మెంబర్’ ఒకటి, ‘మెమ్‌క్యూ’ మరొకటి. మొదటిది రెండూ ఒకేలా ఉన్నాయా అని చూస్తుంది, రెండోది మెమరీలో రెండూ ఒకటేనా అని. తీసేయడానికి మళ్లీ ‘డిలీట్’, ‘డెల్‌క్యూ’. పోల్చే పద్ధతి మారినప్పుడల్లా కొత్త ఫంక్షన్!

1984లో గై స్టీల్ పుస్తకంగా తెచ్చిన కామన్ లిస్ప్ ఈ సంతను చాలావరకు సర్దింది. ‘మెంబర్’ ఒక్కటే చాలు, ఎలా పోల్చాలో :టెస్ట్ అని పేరు పెట్టి చెప్పొచ్చు. పేరుతో ఇచ్చేవాటిలో ఏది ముందొచ్చినా ఫర్వాలేదు. “రాముడు సీతకు ఉంగరం పంపాడు” అన్నా, “సీతకు రాముడు ఉంగరం పంపాడు” అన్నా పుచ్చుకున్నది సీతే కదా, ‘కు’ ఆమెను పట్టుకునే ఉంది. చెప్పకుండా వదిలేసిన పేరుకు ఫంక్షన్ రాసినవాళ్లు ముందే ఒక విలువ పెట్టి ఉంచవచ్చు.

మరి ముందు ఆ కోలన్ ఎందుకు? మామూలు సింబల్, అంటే ఒక పేరు, కనబడగానే లిస్ప్ దాని విలువ ఏమిటని వెతుకుతుంది. పైగా పేర్లను విడివిడిగా ఉంచే అరలైన ప్యాకేజీలు రెండింటిలో ‘టెస్ట్’ అని రాస్తే అవి రెండు వేర్వేరు సింబళ్లు కావచ్చు. మీరు పంపిన పేరును అవతలి ఫంక్షన్ పోల్చుకోకపోతే అంతా వృథా. కోలన్ ఉన్నవన్నీ మాత్రం ‘కీవర్డ్’ అనే ఒకే ప్యాకేజీకి చేరతాయి. ఎవరు ఎక్కడ రాసినా :టెస్ట్ ఒక్కటే. దాని విలువా అదే, మార్చడానికి వీల్లేదు. నాకు ఇందులో నచ్చేది పొదుపు: కొత్త వ్యాకరణమేమీ తేకుండా, ఉన్న సింబళ్లతోనే పని గడిపేశారు.

అయితే కామన్ లిస్ప్‌కు 1994లో వచ్చిన అమెరికా ప్రమాణంలోనూ ఒక గొయ్యి మిగిలింది. స్ట్రింగ్‌ను చదివే ‘రీడ్-ఫ్రమ్-స్ట్రింగ్’ ఫంక్షన్‌కు స్ట్రింగ్ తర్వాత, ఇచ్చినా ఇవ్వకపోయినా ఫర్వాలేని రెండు వరుస విలువలున్నాయి. పేర్లతో ఇచ్చేవి వాటి వెనకే. ఆ రెండూ వదిలేసి, ఎక్కడ మొదలెట్టాలో చెప్పడానికి :స్టార్ట్ 2 అని రాస్తే, :స్టార్ట్, 2 వెళ్లి ఆ ఖాళీల్లో కూర్చుంటాయి. కోలన్ ఉన్నదీ విలువే కదా, లిస్ప్‌కు అభ్యంతరం ఉండదు. చదవడం స్ట్రింగ్ మొదటినుంచే మొదలవుతుంది. రెండు ఖాళీలూ నింపాకే :స్టార్ట్ రాయాలి.