పిచ్చుక గూటికి ఎట్టి చెక్క వాడవలెను?

మన తాతలు ఊళ్ళలో చూరునకు వరికంకుల కుచ్చులు కట్టి పిచ్చుకలను పిలిచెడివారు. కామాఠీపురా చాళ్ళ దూలముల సందులలోనైనను వానికి చోటుండెడిది. స్లాబు మేడలలో అదియును లేదు. కావున పిల్లలు ఇంట గూళ్ళు చేయుట మాకు సంతోషమే. అయితే చెక్క ఎచ్చటిదని తల్లిదండ్రులు ఒకమారు అడుగవలెను.

రేవునుండి వచ్చు ప్యాకింగు పెట్టెల చెక్క చౌక. దానిపై ముద్ర చూడుడు. ‘హెచ్.టి.’ అని యున్నచో వేడిచే శుద్ధిచేసినది, వాడవచ్చును. ‘ఎం.బి.’ అని యున్నచో మిథైల్ బ్రోమైడను విషవాయువు పట్టించినది, వలదు. నూనె మరకలున్నదియు వలదు.

కూల్చిన చాళ్ళ తలుపుల టేకు ఎంత గట్టిదైనను, పాతరంగు ఉన్నచో మేము ఒప్పుకొనము. రంగులలో సీసము పదిలక్షల పాళ్ళకు 90 మించరాదను నియమము మనదేశమున 2017 నవంబరునుండియే అమలైనది. పిల్లలు పాతరంగును గీకినచో ఆ దుమ్ము పక్షికంటె ముందు వారి కడుపునకే చేరును.

రేకుడబ్బా మే నెల ఎండకు పెనమగును. అట్టపెట్టె తొలివానకే నానిపోవును. ఆస్బెస్టాసు ముక్కలను ముట్టనే రాదు. ముప్పాతిక అంగుళము మందపు పూతలేని చెక్క శ్రేష్ఠము. ద్వారము 32 మిల్లీమీటర్లు, అడుగున నీరుపోవుటకు చిల్లులు ఉండవలెను. లోపల వార్నిషు పూయక, గూటిని నీడపట్టున కట్టుడు.