ప్రకృతి ఛాయాగ్రహణంలో సంకల్పమూ, సమయస్ఫూర్తీ

నేడు ప్రతి విద్యార్థి చేతిలోనూ కెమెరా గల సెల్‌ఫోను ఉన్నది గనుక, ప్రకృతి దృశ్యాన్ని గ్రహించడం యంత్రం పనియే అన్న తలంపు బలపడింది. అయితే ఏ చిత్రాన్ని ముందుగా సంకల్పించుకోవాలి, ఏ చిత్రాన్ని ఆ క్షణానికే విడిచిపెట్టాలి అన్నది యంత్రం తేల్చే విషయం కాదు.

పూర్వం ఈ ప్రశ్నకు తావే తక్కువ. ఆరవ నిజాం మహబూబ్ అలీఖాన్ ఆస్థానంలో ‘రాజా ముసవ్విర్ జంగ్ బహదూర్’ బిరుదు పొందిన లాలా దీన్‌దయాళ్ (1844–1905) ఈ విద్యను చేపట్టిన 1870లలో, గాజు పలకపై కొలోడియన్ పూసి, వెండి లవణపు ద్రావణంలో ముంచి, తడి ఆరకముందే చిత్రం తీసి, వెంటనే చీకటి గుడారంలో కడగవలసి ఉండేది. పది పదిహేను నిమిషాలు దాటితే పలక వ్యర్థం. కనుక ఎక్కడ నిలవాలో, వెలుగు ఎటునుంచి వస్తుందో ముందే నిశ్చయించుకొనక తప్పేది కాదు.

1941 నవంబరు 1న అమెరికాలోని న్యూమెక్సికోలో ఆన్సెల్ ఆడమ్స్ తీసిన ‘హెర్నాండెజ్‌లో చంద్రోదయం’ సంగతి వేరు. ఆనాడు తలపెట్టిన చిత్రాలు కుదరక కారులో తిరిగి వస్తుండగా, శ్మశానంలోని తెల్లని శిలువలపై సాయంకాంతి, పైన చంద్రుడు కనిపించినవి. కాంతిమాపకం చేతికి దొరకలేదు. చంద్రుని ప్రకాశం ఎంతో ఆయనకు కంఠస్థం. దానినిబట్టి లెక్కకట్టి ఒక చిత్రం తీశాడు. రెండవది తీయబోయేలోగా శిలువలపై వెలుగు తొలగిపోయింది.

తరహీ ముషాయిరాలో మిస్రా ముందే తెలుస్తుంది. కాఫియా, రదీఫు నిర్ణీతమే. షేరు మాత్రం తనంతట తాను రావాలి. అవధానిది ఇందుకు తలక్రిందులు: సమస్య అప్పటికప్పుడు వచ్చి పడుతుంది, వెంట ఉన్నది యతిప్రాసల అభ్యాసమే. దీన్‌దయాళ్‌ను మొదటి కోవలో, ఆ సాయంత్రపు ఆడమ్స్‌ను రెండవ కోవలో చేర్చవచ్చునని మా అభిప్రాయం.

ఇక మన శ్రీరాంపూర్. గోదావరి మనకు దక్షిణాన ఉన్నది. డిసెంబరులో సూర్యుడు ఆగ్నేయాన ఉదయిస్తాడు గనుక మన ఒడ్డున నిలిచినవారికి పొగమంచు వెనుకనుంచి వెలుగుతుంది. వేసవిలో సూర్యుడు ఈశాన్యానికి జరిగినపుడు అదేచోట ఆ దృశ్యం దొరకదు. చంద్రోదయం కావలసినవారు పున్నమికి ముందునాడు, శుద్ధ చతుర్దశి సాయంత్రం వెళ్లాలి. ఆనాడు చంద్రుడు సూర్యాస్తమయానికి కొంత ముందే ఉదయిస్తాడు. ఇసుకమీద ఇంకా వెలుగుంటుంది. ఆలస్యమైతే నేల చీకటిపడి, చంద్రుడొక తెల్లని మచ్చగా మిగులుతాడు. దీనికి పంచాంగం చాలు, హిజ్రీ కేలండరైనా చాలు.

సంకల్పం అంతవరకే. చాలామంది నదివైపే కన్నార్పక కాచుకొని, వీపు వెనుక గని మట్టిదిబ్బపై పడిన ఎర్రని ఎండను గాని, డ్యూటీ దిగి వచ్చే కార్మికుల బారును గాని చూడరు. కెమెరాను స్టాండుపై నిలిపిన తరువాత ఒకసారి వెనుదిరిగి చూడడం మంచి అలవాటు.

మన ప్రాంతంలో ఇంకొకటి ఉన్నది. ఇక్కడి నేల నిలకడగా లేదు. ఓపెన్‌కాస్టు గనుల మట్టి గుట్టలుగా లేచింది. శ్రీపాద ఎల్లంపల్లి జలాశయం క్రింద ఊళ్లు మునిగినవి. ఇటువంటిచోట మంచి వెలుగు కోసం వచ్చే ఏటికి వాయిదా వేస్తే, వెలుగు వస్తుంది గాని చెరువుకట్ట ఉండకపోవచ్చు. మిట్టమధ్యాహ్నపు ఎండలోనైనా తీసి, తేదీ, నిలిచిన చోటు, చూసిన దిక్కు వ్రాసిపెట్టుకోవాలి. మరుసటి ఏడు అక్కడే నిలిచి మరొకటి తీయాలి. ఈ జంటచిత్రాలకు కళాశాల గ్రంథాలయంలో ఒక ఆల్బము ఏర్పరచితే, ఈ శీతకాలపు సెలవులలోనే పని మొదలుపెట్టవచ్చును.