చీకటిగది లేని ఛాయాచిత్రము

డిజిటల్ కెమెరాతో వందలకొలది చిత్రములు తీసి, నచ్చనివానిని తుడిచివేయుటకు అలవాటుపడిన మనము పాత కెమెరా చేతబట్టినచో మొదట జంకుదుము. ఫిల్ము రీలులో 36 చిత్రములు. తీసిన చిత్రమును అప్పటికప్పుడే చేతికిచ్చు పోలరాయిడ్ పెట్టెలో 8 మాత్రమే!

1947లో ఎడ్విన్ లాండ్ ప్రదర్శించిన ఈ విధానమునకు చీకటిగదితో పని లేదు. చిత్రపు అంచున చిన్న సంచిలో రసాయనముండును. చిత్రము బయటికి వచ్చునపుడు రెండు రోలర్లు ఆ సంచిని చిదిపి, రసాయనమును పొరల నడుమ పరచును. బొమ్మను విసనకఱ్ఱవలె ఊపుట వృథా.

వేడిమి సంగతి అట్లు కాదు. 28 డిగ్రీలు దాటినచో చిత్రము పసుపు, ఎరుపు ఛాయలకు తిరుగును. మన వేసవి ఆ హద్దును ఉదయముననే దాటును గదా! నీడపట్టున, చల్లనివేళ తీయవలెను.

వేరుగా నెగెటివు మిగులదు గనుక ఉన్నది ఆ ఒక్క ప్రతియే. అమ్మమ్మగారి చిత్రమును ఆమెకే ఇచ్చితిమేని మనకేమియు మిగులదు. అందుచేత ఇచ్చుటకు ముందు, డిజిటల్ కెమెరాతోనే దానినొకమారు తీసి యుంచుకొందుము.