విదేశీ మెడికల్ ట్రయల్‌లో చేరాలా? ముందు ఈ లెక్క చూడండి

పల్నాడులో 'మందుల ట్రయల్' అనగానే చాలామందికి పిడుగురాళ్లే గుర్తొస్తుంది. అక్కడి పేద మహిళల్ని డబ్బు ఆశ చూపి హైదరాబాద్ తీసుకెళ్లి మందులు ప్రయోగించారన్న వార్త 2011లో పెద్ద దుమారం లేపింది. ఆ భయం ఊరికే రాలేదు. కానీ అరుదైన జబ్బున్న బిడ్డ ఇంట్లో ఉంటే అదే మాట ఆశలా వినిపిస్తుంది. మిర్చి పొలం అమ్మైనా అమెరికా తీసుకెళ్దాం అనిపిస్తుంది.

ఒక్క నిమిషం ఆగండి. ఎస్‌ఎంఏ సంగతే చూద్దాం. స్పైనల్ మస్క్యులర్ అట్రోఫీ అన్నమాట. జన్యులోపం వల్ల కండరాల్ని కదిలించే నరాలు దెబ్బతిని, ఒళ్లు చచ్చుబడిపోయే జబ్బు. దీనికి వాడే రిస్డిప్లామ్ మందుని విదేశాల్లో పరీక్షించారు. ఫైర్‌ఫిష్ అనే ట్రయల్‌లో 1 నుంచి 7 నెలల పసివాళ్లనే చేర్చుకున్నారు. మన దగ్గర జబ్బు పేరు తెలిసి, పాస్‌పోర్టు, వీసా చేతికొచ్చేసరికే ఆ వయసు దాటిపోతుంది!

ఇంకోటి సన్‌ఫిష్. 2 నుంచి 25 ఏళ్లవాళ్లకి. ప్రధాన దశలో 180 మంది చేరితే 120 మందికి అసలు మందు, 60 మందికి డమ్మీ. ఎవరికి ఏది ఇస్తున్నారో డాక్టర్‌కీ తెలీదు, పేషెంట్‌కీ తెలీదు. ఏడాది తర్వాతే అందరికీ అసలు మందు. అంటే పొలం అమ్ముకుని వెళ్లినా ముగ్గురిలో ఒకరు ఏడాదంతా ఉత్త నీళ్లు తాగినట్టే.

ట్రయల్ వెతకడానికి క్లినికల్‌ట్రయల్స్ డాట్ గవ్ వెబ్‌సైట్ ఫ్రీ. జబ్బు పేరు కొడితే ఏ దేశంలో, ఏ వయసువాళ్లకి, ఇంకా చేర్చుకుంటున్నారా లేదా అన్నీ కనిపిస్తాయి. మీకు సరిపోయేది దొరికితే అక్కడివాళ్లకే మెయిల్ పెట్టండి. బయటి దేశంవాళ్లని తీసుకుంటారా? ప్రయాణం, ఇంటి అద్దె ఎవరు భరిస్తారు? ట్రయల్ అయ్యాక మందు ఎవరిస్తారు? నాకైతే ఈ చివరిదే అసలు ప్రశ్న అనిపిస్తుంది. మన దేశంలో జరిగే ట్రయల్‌లో హాని జరిగితే పరిహారం ఇవ్వాలని 2019 రూల్స్ చెప్తున్నాయి. బయటికెళ్తే ఆ దేశం రూల్స్‌దే మాట.

అన్నట్టు, రోష్ కంపెనీ అమ్మే రిస్డిప్లామ్ బాటిల్ ఇక్కడ 6 లక్షలు దాటేది. కోర్టు కేసుల తర్వాత 2025లో హైదరాబాద్ నాట్కో అదే మందుని రూ.15,900కి తెచ్చింది. ఆ కంపెనీ పెట్టిన నన్నపనేని వెంకయ్య చౌదరిది మన గుంటూరు జిల్లానే. అందుకే ఫ్లైట్ టికెట్ కంటే ముందు హైదరాబాద్ నిమ్స్‌కి వెళ్లండి. అరుదైన జబ్బుల కేంద్రం అక్కడుంది. కేంద్ర ప్రభుత్వ పాలసీ లిస్టులో మీ జబ్బు ఉంటే 50 లక్షల వరకూ సాయానికి దారి అక్కడినుంచే. జన్యు పరీక్ష రిపోర్టు మాత్రం మర్చిపోకండి.