సింగళీకం వంశచరిత్ర

పశ్చిమ కనుమల వర్షారణ్యాలలో తప్ప లోకంలో మరెక్కడా సహజంగా కనిపించని ప్రాణి సింగళీకం. నల్లని దేహం, ముఖం చుట్టూ బూడిదరంగు జూలు, కొసన కుచ్చు గల తోక దీని ఆనవాళ్లు. జూలును చూచి దీనిని సింహంతో పోల్చారని మనం భ్రమపడతాము గాని, పోలిక తోకకు సంబంధించినది. మలయాళీలు దీనిని ‘సింహవాలన్’ అని పిలుస్తారు. సైలెంట్ వ్యాలీలో జలవిద్యుత్ ప్రాజెక్టు వద్దన్న ఉద్యమానికి ఈ కోతియే చిహ్నమైనది. 1984లో ఆ లోయ జాతీయవనమైనది. అయినను కేరళ, కర్ణాటక, తమిళనాడు అడవులన్నింటిలో కలిపి నేడు మిగిలినవి సుమారు 4,000కు మించవని అంచనా.

ఒక జాతి క్షేమాన్ని తలలు లెక్కించి తెలుసుకోవచ్చునా? ఈ ప్రశ్నకు సమాధానం వెదకినవారిలో మన హైదరాబాదులోని సి.సి.ఎం.బి. శాస్త్రజ్ఞులున్నారు. వారు ఇతర సంస్థలవారితో కలిసి అడవిలోని కోతుల నుండి, జంతుప్రదర్శనశాలలలోని కోతుల నుండి నమూనాలు సేకరించి, 2015లో తమ ఫలితాలను ప్రకటించారు. వారు చదివినది మైటోకాండ్రియాలోని డి.ఎన్.ఎ.లో సుమారు 900 అక్షరాల భాగం.

ఈ డి.ఎన్.ఎ. తల్లి నుండియే బిడ్డకు సంక్రమిస్తుంది. మన ఇళ్లలో భద్రపరచుకొనే షజరాలలో తండ్రి, తాత, ముత్తాతల పేర్లే వరుసగా ఉంటాయి. తల్లుల పేర్లు వెదకినా దొరకవు. ప్రకృతి వ్రాసుకొన్న ఈ షజరా అందుకు పూర్తిగా విరుద్ధం. సింగళీకాలలో ఆడవి పుట్టిన గుంపులోనే జీవితం గడుపుతాయి. మగవి పెరిగి వేరే గుంపులకు వెళ్లిపోతాయి. కనుక తల్లుల వరుసను చదివితే ఏ గుంపు ఏ నేలకు చెందినదో చక్కగా తెలుస్తుంది.

అలా చదవగా బయటపడిన విషయం ఆశ్చర్యకరమైనది. పాలక్కాడు కనుమకు ఉత్తరాన ఉన్నవి, దక్షిణాన ఉన్నవి 21 లక్షల సంవత్సరాల క్రితమే విడిపోయిన రెండు శాఖలు! సికింద్రాబాదు నుండి తిరువనంతపురం వెళ్లే శబరి ఎక్స్‌ప్రెస్‌లో ప్రయాణించినవారికి ఆ కనుమ పరిచితమే. కొండలు ఒక్కసారిగా తొలగి, సుమారు 30 కిలోమీటర్ల వెడల్పున నేల చదునవుతుంది. మనకది సులువైన దారి. చెట్ల కొమ్మల మీదనే బ్రతికే ప్రాణికి మాత్రం అది దాటరాని కడలి. మన మానవజాతి వయస్సు సుమారు మూడు లక్షల సంవత్సరాలని తలచుకొంటే, ఆ ఎడబాటు ఎంత పురాతనమో బోధపడుతుంది.

ఆ విభజన ప్రకృతి చేసినది. రెండవది మనుష్యులు చేసినది. అన్నామలై కొండలలో వాల్పారై ప్రాంతాన తేయాకు, కాఫీ తోటల కొరకు అడవిని నరికినందున మిగిలిన ముక్కలు ద్వీపాల వలె నిలిచాయి. విశాలమైన అడవులలోని గుంపులతో పోల్చితే ఈ ముక్కలలోని గుంపులలో మైటోకాండ్రియా వైవిధ్యం క్షీణించినదని ఆ పరిశోధన తేల్చింది. వీటిలో పుతుతోట్టం అనే అడవి ముక్క ఒక చదరపు కిలోమీటరుకు లోపే. గడచిన దశాబ్దాలలో అక్కడ కోతుల సంఖ్య పెరిగింది కూడ! తలల లెక్కను మాత్రమే చూచేవారు దీనిని విజయమనే వ్రాసుకొంటారు. కాని కొద్దిమంది తల్లుల సంతానమే పెరిగితే సంఖ్య పెరుగుతుంది గాని వైవిధ్యం పెరగదు. క్రొత్త వ్యాధి ఏదైనా వచ్చినపుడు అందరి బలహీనతా ఒక్కటే కావచ్చును.

ఇక్కడ ఒక మాట చెప్పవలసి ఉన్నది. ఈ పరీక్ష తల్లుల పక్షాన్నే చూపుతుంది. వలసపోయే మగవి తెచ్చే వైవిధ్యం ఇందులో కనిపించదు. అయితే ముక్కల మధ్య చెట్లు లేనపుడు ఆ మగవి మాత్రం ఎలా పోగలవు? వాల్పారైలో రోడ్డుకు ఇరువైపుల చెట్లను కలుపుతూ వ్రేలాడే వంతెనలు కట్టారు. కోతులు వాటిని వాడుకొంటున్నవి. వాహనాల క్రింద పడకుండ కాపాడటానికి అవి మేలే గాని, తోటలకు ఆవలనున్న మరొక అడవికి అవి చేర్చలేవు.

అటువంటపుడు ఒకచోటి కోతులను పట్టి మరొకచోట వదలరాదా అని అడుగవచ్చును. అన్నామలైలోనే ఒక ముక్క నుండి మరొక ముక్కకైతే ఆలోచింపదగినదే. కనుమకు ఆవలి దానిని ఈవలికి తెస్తే మాత్రం 21 లక్షల సంవత్సరాల వేర్పాటు ఒక్క తరంలో చెరిగిపోతుంది. జంతుప్రదర్శనశాలలలో జతలు కూర్చేవారికీ ఇదే చిక్కు. బోనులోని కోతి ఏ కొండదో తెలియనిదే దానికి తోడు వెదకరాదు. తల్లుల షజరా చదివితే ఆ కొండ ఏదో ఇపుడు చెప్పవచ్చును.